మెత్తకలప దిగుమతులు: అమెరికా, జపాన్ అనుభవాల తులనాత్మక పరిశీలన (1950–2021)

వ్యాస సంగ్రహం

ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో ప్రపంచంలో మెత్తకలపను అత్యధికంగా దిగుమతి చేసుకున్న దేశాలలో అమెరికా సంయుక్త రాష్ట్రాలు, జపాన్ ముఖ్యమైనవి. రెండింటికీ విస్తారమైన అడవులున్నాయి. అయినా ఇవి ఎందుకు దిగుమతులపై ఆధారపడ్డాయి? సుంకాలు ఈ దిగుమతులను ఎంతవరకు నియంత్రించగలిగాయి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానం వెతకడం ఈ వ్యాసం ఉద్దేశం. దిగుమతుల పరిమాణాన్ని గృహనిర్మాణం నిర్ణయించిందనీ, వాటి రూపాన్ని మాత్రం కోతమిల్లు ఏ దేశంలో నడవాలన్న రాజకీయం నిర్ణయించిందనీ ఈ పరిశీలన ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: మెత్తకలప, దుంగలు, కోతకలప, సుంకం, గృహనిర్మాణం, స్వయంసమృద్ధి.

1. ప్రవేశిక

అడవులు తక్కువైన దేశం కలపను కొంటుంది, ఎక్కువైన దేశం అమ్ముతుంది అన్నది సాధారణంగా వినిపించే అభిప్రాయం. మధ్యయుగాల నుంచి ఓడల నిర్మాణానికి బాల్టిక్ తీరపు కలపపై ఆధారపడిన ఇంగ్లండు విషయంలో ఇది చాలావరకు నిజమే. అమెరికా, జపాన్ల విషయంలో ఈ సూత్రం పనిచేయదు. జపాన్ భూభాగంలో దాదాపు మూడింట రెండు వంతులు అడవి. అమెరికా భూభాగంలో దాదాపు మూడోవంతు అడవి ఉంది. మెత్తకలప ఉత్పత్తిలోనూ ఆ దేశం అగ్రశ్రేణిలో ఉంటూ వచ్చింది. ఇలాంటి రెండు దేశాలు దశాబ్దాల తరబడి పొరుగు అడవుల కలపతో ఇళ్లు కట్టుకున్నాయి.

పోలికకు మరో కారణం కూడా ఉంది. ఈ రెండు దేశాలూ ఒకే వనరు దగ్గర పోటీపడ్డాయి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా కలప ఇద్దరికీ వెళ్లింది. అమెరికా పశ్చిమతీరపు దుంగలు జపాన్‌కు ఎగుమతి అవుతున్న కాలంలోనే అమెరికా తన అవసరానికి కెనడా కోతకలపను కొనుక్కుంది. కనుక ఒక దేశపు గణాంకాలను రెండో దేశాన్ని పక్కనపెట్టి చదివితే చరిత్ర సగమే అర్థమవుతుంది.

2. పదమూ కొలతా

‘మెత్తకలప’ లేదా వృక్షశాస్త్ర పరిభాషలో ‘మృదుదారువు’ అనే పదం కొంత తికమక పెట్టేది. ఇది కలప గట్టిదనాన్ని తెలిపే మాట కాదు. పైన్, స్ప్రూస్, ఫర్, హెమ్లాక్ వంటి వివృతబీజ వృక్షాల కలపను మెత్తకలప అంటారు. ఆవృతబీజ వృక్షాలది గట్టికలప. ఈ లెక్కన చేతిగోటితో నొక్కితే గుంటపడే మన బూరుగు గట్టికలప వర్గంలోకి, బరువైన దూలాలుగా పనికివచ్చే డగ్లస్ ఫర్ మెత్తకలప వర్గంలోకి వస్తాయి. తెలుగు భూగోళ పాఠ్యపుస్తకాలు ‘శృంగాకారపు అడవులు’గా పరిచయం చేసే అడవుల నుంచి వచ్చే కలపే ఇది.

కొలతల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. అమెరికా గణాంకాలు బోర్డు అడుగులలో ఉంటాయి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అంగుళం మందం కలిగిన పలక ఒక బోర్డు అడుగు; అంటే మన కలప అడితీలలో వాడే ఘనపుటడుగులో పన్నెండో వంతు. అయితే ఇది పేరుకు చెప్పే కొలత. ‘రెండు-బై-నాలుగు’ అని పిలిచే చిత్రికపట్టిన చెక్క నిజానికి ఒకటిన్నర అంగుళాల మందం, మూడున్నర అంగుళాల వెడల్పు మాత్రమే ఉంటుంది. పేరుకున్న పరిమాణంలో దాదాపు మూడోవంతు అందులో లేదు. జపాన్ గణాంకాలు ఘనపు మీటర్లలో ఉంటాయి. బోర్డు అడుగులను అంకగణితపు గుణకంతో నేరుగా ఘనపు మీటర్లలోకి మార్చి రెండు దేశాలను పక్కపక్కన పెడితే అమెరికా దిగుమతి అసలుకంటే పెద్దదిగా కనిపిస్తుంది.

రెండో చిక్కు దుంగలకు సంబంధించినది. దుంగను కోస్తే పొట్టు, పక్కచెక్కలు పోగా స్థూలంగా సగమే కోతకలపగా మిగులుతుంది. అమెరికా దిగుమతి దాదాపు అంతా కోతకలప. జపాన్ దిగుమతి తొలి దశాబ్దాలలో ప్రధానంగా దుంగలు. కోతకలపను మాత్రమే లెక్కించే పట్టికలో 1970 దశకపు జపాన్ చిన్న దిగుమతిదారుగా కనిపిస్తుంది. దుంగలను కూడా కలిపితే చిత్రం తలకిందులవుతుంది. అందువల్ల ‘ఎంత వచ్చింది’ అనే ప్రశ్నతోపాటు ‘ఏ రూపంలో వచ్చింది’ అనే ప్రశ్నను కూడా వేయక తప్పదు.

3. పూర్వరంగం

యుద్ధపూర్వ కాలంలోనే రెండు దేశాలలో ఈ సమస్య మొలకెత్తింది. 1923 సెప్టెంబరు 1న సంభవించిన కాంటో మహాభూకంపం టోక్యో, యోకొహామా నగరాలను ధ్వంసం చేసింది. పునర్నిర్మాణానికి ఉత్తర అమెరికా కలప పెద్దఎత్తున జపాన్ రేవులకు చేరింది. స్వదేశీ అడవుల యజమానులు ధరలు పడిపోతున్నాయని ఆందోళన చెందగా ఆ దశకం ముగిసేలోగా ప్రభుత్వం సుంకాలను పెంచింది. అమెరికాలో 1930 నాటి స్మూట్-హాలీ చట్టం కెనడా మెత్తకలపపై సుంకం విధించింది. 1932 ఆదాయ చట్టం దానిపై అదనపు పన్నును చేర్చింది. అదే ఏడాది ఒట్టావాలో కుదిరిన సామ్రాజ్య ప్రాధాన్య ఒప్పందాల ఆసరాతో బ్రిటిష్ కొలంబియా తన కలపను బ్రిటన్ వైపు మళ్లించింది. సుంకం కలపను ఆపడం కంటే దారి మళ్లించడమే ఎక్కువగా చేస్తుందన్న విషయం ఇక్కడే తొలిసారి వ్యక్తమయింది.

4. జపాన్: దుంగలకు తెరిచిన తలుపు

యుద్ధకాలంలోనూ ఆ తరువాతా జపాన్ అడవులను మితిమీరి నరికారు. 1950 దశకం నుంచి ప్రభుత్వం కొండలపై సుగి, హినోకి మొక్కలను విస్తారంగా నాటించింది. నేడు అక్కడ నాటిపెంచిన అడవి దాదాపు కోటి హెక్టార్లు. మొత్తం అడవిలో ఇది సుమారు నలభై శాతం. కానీ ఇలా నాటిన చెట్టు కోతకు రావడానికి నలభై, యాభై ఏళ్లు పడుతుంది. ఇళ్ల అవసరం అంతవరకు ఆగలేదు. 1960 దశకం ఆరంభంలో కలప ధరలు పెరగడంతో ప్రభుత్వం దిగుమతులపై ఆంక్షలను అంచెలంచెలుగా తొలగించి 1964 నాటికి సరళీకరణను పూర్తిచేసింది. 1955లో తొంభై శాతానికి పైగా ఉన్న కలప స్వయంసమృద్ధి అక్కడి నుంచి దిగజారడం మొదలయింది.

ఇక్కడ గమనించవలసినది సుంకాల అమరిక. దుంగలు సుంకం లేకుండా వచ్చాయి. కోసి, చిత్రికపట్టి, పలకలుగా అతికించిన సరుకుకు సుంకం ఉండేది. తయారీ పెరిగినకొద్దీ పన్ను పెరిగే ఈ అమరిక వల్ల చెట్టు పరాయిదైనా రంపపు పని స్వదేశంలో నిలిచింది. రేవు పట్టణాలలో దిగుమతి దుంగలను కోసే మిల్లులు వెలిశాయి. 1962 అక్టోబరు 12న అమెరికా పశ్చిమతీరాన్ని తాకిన కొలంబస్ దినపు తుఫాను ఈ వ్యాపారానికి ఊపునిచ్చింది. ఆరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాలలో నేలకూలిన చెట్లను కుళ్లకముందే అమ్ముకోవలసిన పరిస్థితిలో జపాన్ కొనుగోలుదారు సిద్ధంగా ఉన్నాడు.

1973లో జపాన్ కలప గిరాకీ సుమారు 12 కోట్ల ఘనపు మీటర్లతో శిఖరానికి చేరింది. అదే ఏడాది 19 లక్షల కొత్త ఇళ్ల నిర్మాణం మొదలయింది. 1985 ప్లాజా ఒప్పందం తరువాత యెన్ విలువ వేగంగా పెరగడంతో దిగుమతి కలప ఇంకా చవకయింది. సుగి దుంగ ధర 1980లో గరిష్ఠానికి చేరి, ఆ తరువాత దీర్ఘకాలం దిగుతూ వచ్చింది. 2000 దశకం ఆరంభానికి స్వయంసమృద్ధి ఇరవై శాతం కంటే తక్కువకు పడిపోయింది.

5. అమెరికా: రెండు సరిహద్దులు, రెండు న్యాయాలు

కెనడా మెత్తకలప 1952లో అమెరికా మార్కెట్లో ఏడు శాతం. పరిమాణం 300 కోట్ల బోర్డు అడుగుల లోపు. 1990 దశకం చివరికి అది 1,800 కోట్లను దాటి మార్కెట్లో మూడోవంతును మించింది. ఈ పెరుగుదల మీదే సుదీర్ఘ వివాదం సాగింది.

కెనడాలో అడవుల్లో అత్యధిక భాగం ప్రాంతీయ ప్రభుత్వాలది. నిలువు చెట్టుకు మిల్లు చెల్లించే రుసుమును, అంటే స్టంపేజీని, ఆ ప్రభుత్వాలే నిర్ణయిస్తాయి. అమెరికాలో కలప ఎక్కువగా ప్రైవేటు భూముల నుంచి, వేలం ధరకు వస్తుంది. కెనడా రుసుము మార్కెట్ ధర కంటే తక్కువ కనుక అది దొంగచాటు రాయితీ అన్నది అమెరికా మిల్లుల వాదన. 1982లో వేసిన తొలి ఫిర్యాదును అమెరికా వాణిజ్య శాఖ 1983లో తోసిపుచ్చింది. 1986 ఫిర్యాదులో అదే శాఖ అందుకు భిన్నమైన నిర్ణయానికి వచ్చింది. ఆ ఏడాది చివర కెనడా తానే 15 శాతం ఎగుమతి పన్ను వేసుకోవడానికి అంగీకరించింది. 1991లో కెనడా ఆ అంగీకారం నుంచి వైదొలగగానే మూడో వివాదం మొదలయింది. 1996 ఒప్పందం నాలుగు ప్రాంతాల నుంచి ఏటా 1,470 కోట్ల బోర్డు అడుగులను మాత్రమే రుసుము లేకుండా అనుమతించింది.

ఉత్తర సరిహద్దులో ఈ కథ నడుస్తుండగా పశ్చిమతీరపు రేవులలో ఇందుకు తిరగబడిన కథ నడిచింది. జపాన్‌కు దుంగలు పోతుంటే స్థానిక మిల్లులు ముడిసరుకు దొరక్క మూతపడుతున్నాయని ఆరెగన్ సెనేటర్ వేన్ మోర్స్ వాదించాడు. 1968 నాటి మోర్స్ సవరణ పశ్చిమ ప్రాంతపు ఫెడరల్ భూముల నుంచి దుంగల ఎగుమతిని ఏటా 35 కోట్ల బోర్డు అడుగులకు పరిమితం చేసింది. 1973 నుంచి ఆ ఎగుమతిని పూర్తిగా నిషేధించారు. ప్రైవేటు భూములకు ఈ ఆంక్ష లేదు కనుక వ్యాపారం ఆగలేదు. అయినా ఉద్దేశం స్పష్టం: కోతకలప లోపలికి రాకూడదు, దుంగ బయటికి పోకూడదు. రెండింటి వెనుకా ఉన్నది స్వదేశీ రంపం ఆగకూడదన్న పట్టుదలే. జపాన్ సుంకాల అమరిక వెనుకా, దుంగల ఎగుమతిని కట్టడి చేసిన బ్రిటిష్ కొలంబియా విధానం వెనుకా ఉన్నది కూడా ఇదే.

6. చెక్క పేరు మీద వివాదం

ఈ పరిశీలనకు 1989 సంవత్సరం కీలకమైనది. ఆ ఏడాది జపాన్ రెండు వైపుల నుంచి ఒత్తిడిని ఎదుర్కొంది. అమెరికా తన ‘సూపర్ 301’ వాణిజ్య నిబంధన కింద సూపర్ కంప్యూటర్లు, ఉపగ్రహాలతోపాటు కలప ఉత్పత్తులను కూడా జపాన్ మార్కెట్ అడ్డంకుల జాబితాలో చేర్చింది. 1990లో రెండు దేశాల మధ్య కలప ఉత్పత్తులపై అవగాహన కుదిరింది. కెనడాకు వ్యతిరేకంగా తన తలుపు మూయాలని చూసిన దేశమే జపాన్ తలుపు తెరవాలని కోరింది.

కెనడా గాట్ వేదికను ఆశ్రయించింది. చిత్రికపట్టిన స్ప్రూస్-పైన్-ఫర్ చెక్కపై జపాన్ 8 శాతం సుంకం వసూలు చేసేది. హెమ్లాక్, డగ్లస్ ఫర్ చెక్కలకు సుంకం లేదు. ఇంటి చట్రంలో అన్నీ ఒకే పని చేస్తాయి కనుక ఇవి ‘ఒకే రకపు సరుకు’ అని కెనడా వాదించింది. జపాన్ తన సుంకాల పట్టిక చెట్ల జాతిని బట్టి ఉందని సమాధానమిచ్చింది. సరుకులను వర్గీకరించే స్వేచ్ఛ ఆయా దేశాలకు ఉంటుందని, ఆ పట్టికలో లేని ‘డైమెన్షన్ లంబర్’ అనే ఉత్తర అమెరికా వాణిజ్య భావన ఆధారంగా పోలిక తేలేమని గాట్ పంచాయతీ జపాన్ పక్షాన తీర్పు చెప్పింది. చరిత్రకారునికి ఈ తీర్పు ఒక హెచ్చరిక. ‘మెత్తకలప దిగుమతి’ అనే గణాంక వర్గం ప్రకృతి ఇచ్చినది కాదు. అది కస్టమ్స్ పట్టికలో రూపొందినది.

7. 1990 తరువాతి మలుపులు

1990 జూన్‌లో ఉత్తర మచ్చల గుడ్లగూబను అమెరికా అంతరించే ప్రమాదమున్న జాతుల చట్టం కింద చేర్చింది. 1991లో న్యాయస్థానం నరుకుడును నిలిపివేసింది. 1994లో వాయవ్య అటవీ ప్రణాళిక అమలులోకి వచ్చింది. ఆ ప్రాంతపు ఫెడరల్ అడవులలో కోత మునుపటితో పోలిస్తే దాదాపు ఎనభై శాతం తగ్గింది. ఈ పరిణామం రెండు దేశాల దిగుమతులనూ మార్చింది. అమెరికాలో ఖాళీ అయిన చోటును కెనడా కోతకలప కొంతవరకు నింపింది. దుంగల సరఫరా తగ్గి ధర పెరగడంతో జపాన్ కోతకలప వైపు మళ్లింది.

జపాన్‌ను మరింత మార్చినది 1995 జనవరి 17 నాటి కోబే భూకంపం. పాత చెక్క ఇళ్లు కూలి వేలమంది మరణించారు. గృహ నాణ్యతను హామీగా ఇచ్చే చట్టం 2000లో అమలులోకి వచ్చింది. వంగని, కుంచించుకుపోని, బట్టీలో ఆరబెట్టిన కలపకు గిరాకీ పెరిగింది. పచ్చి హెమ్లాక్ స్థానంలో స్వీడన్, ఫిన్లాండ్, ఆస్ట్రియాల నుంచి అతికించిన దూలాలు వచ్చాయి. అదే సమయంలో అడవులలో కోతకు ఎదుగుతున్న సుగిని ఆరబెట్టి, నాణ్యత నిర్ధారించి ఇవ్వగల మిల్లులు స్వదేశంలో చాలినన్ని లేవు.

జపాన్ స్వయంసమృద్ధి తిరిగి పెరగడానికి కారణం అక్కడి సుంకం కాదు. 2007 నుంచి రష్యా దుంగల ఎగుమతి పన్నును పెంచడంతో సైబీరియా లార్చ్‌పై ఆధారపడిన జపాన్ ప్లైవుడ్ మిల్లులు స్వదేశీ సుగి వైపు తిరిగాయి. 2010లో ప్రభుత్వ భవనాలలో కలప వాడకాన్ని ప్రోత్సహించే చట్టం వచ్చింది. 2020 నాటికి స్వయంసమృద్ధి నలభై శాతం దాటింది. అయితే ఇళ్ల నిర్మాణం తగ్గి మొత్తం గిరాకీ కుంచించుకుపోయిన కాలంలో ఈ శాతం పెరిగిందని కూడా గుర్తుంచుకోవాలి.

8. ఇల్లు, సుంకం: ఏది బలమైనది?

2002 మే నుంచి కెనడా కలపపై అమెరికా సగటున 27.22 శాతం సుంకాలు విధించింది. సుంకమే నిర్ణాయకమైతే దిగుమతులు పడిపోవాలి. కానీ అవి పెరిగి 2005లో 2,100 కోట్ల బోర్డు అడుగులను దాటాయి. ఆ ఏడాది అమెరికాలో మొదలైన ఇళ్లు 20 లక్షల 70 వేలు. 2006 ఒప్పందం ప్రకారం వసూలైన సుమారు 500 కోట్ల డాలర్లలో 400 కోట్లను తిరిగి ఇచ్చివేశారు. 2009లో ఆ పాత సుంకాలు లేవు; అయినా ఇళ్ల నిర్మాణం 5 లక్షల 54 వేలకు కూలడంతో దిగుమతులు 2005 నాటి స్థాయిలో సగం కూడా మిగలలేదు.

జపాన్‌లోనూ ఇదే క్రమం. 1996లో 16 లక్షల 40 వేల ఇళ్లు మొదలయ్యాయి. మరుసటి ఏడాది వినియోగపు పన్ను పెంపు, ఆపైన జనాభా వృద్ధాప్యం నిర్మాణాన్ని కుదించాయి. 2009లో అది 8 లక్షల లోపుకు దిగింది. దిగుమతులు సుంకం పెరగకుండానే తగ్గాయి.

దీనర్థం సుంకానికి ప్రభావం లేదని కాదు. దీర్ఘకాలంలో అది వాటాలను మార్చింది. 2015లో ఒప్పందం గడువు ముగిశాక 2017 నుంచి తిరిగి విధించిన సుంకాలు, పైన్ బెరడు పురుగు బ్రిటిష్ కొలంబియా అడవులకు చేసిన నష్టం కలిసి అమెరికాలో కెనడా వాటాను దాదాపు నాలుగోవంతుకు తగ్గించాయి. ఆ ఖాళీలో కొంత అమెరికా దక్షిణ రాష్ట్రాల మిల్లులకు, కొంత జర్మనీ, స్వీడన్ వంటి ఐరోపా సరఫరాదారులకు దక్కింది. పంచుకునేవారు మారారు, పళ్లెం పరిమాణాన్ని మాత్రం ఇల్లే నిర్ణయించింది.

రెండు దేశాల గణాంకాలు ఒకదానితో ఒకటి ఎంతగా ముడిపడ్డాయో 2021 చూపింది. కోవిడ్ కాలపు గృహనిర్మాణ ఉధృతిలో అమెరికా వాయిదా మార్కెట్లో కలప ధర వెయ్యి బోర్డు అడుగులకు 1,600 డాలర్లు దాటింది. ఐరోపా, కెనడా కలప అటు మళ్లింది. జపాన్‌లో నిర్మాణదారులు కలప దొరక్క ఇబ్బందిపడ్డారు. ఆ సంక్షోభానికి అక్కడ ‘ఉడ్ షాక్’ అని పేరు వచ్చింది. చుట్టూ కొండలపై కోటి హెక్టార్ల నాటిన అడవి ఉన్నా వెంటనే కోసి, ఆరబెట్టి అందించే కూలీలు, బాటలు, మిల్లులు తగినన్ని లేవు.

9. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి.

మొదటిది, దిగుమతుల పరిమాణం అడవి లేమికి కొలమానం కాదు. అది ప్రధానంగా గృహనిర్మాణపు నీడ. రెండవది, దిగుమతుల రూపాన్ని నిర్ణయించినది రంపం ఎక్కడ తిరగాలన్న పోటీ. అమెరికా, జపాన్, కెనడా మూడూ తమ మిల్లులను కాపాడుకోవడానికే భిన్నమైన సాధనాలు వాడాయి. మూడవది, ఆ రక్షణలో ఎవరు భాగస్వాములయ్యారన్నది ఫలితాన్ని మార్చింది. అమెరికాలో మిల్లులు, ప్రైవేటు అటవీ యజమానులు కెనడా కలపకు వ్యతిరేకంగా ఒకే పక్షాన నిలిచారు. అక్కడ భారం ఇల్లు కొనేవాడిపై, కెనడా మిల్లు పట్టణాలపై పడింది. జపాన్‌లో రేవు మిల్లుకు చవక దుంగ కావాలి, కొండ రైతుకు సుగికి ధర కావాలి. ఇద్దరి ప్రయోజనాలు విడిపోయాయి. మిల్లును కాపాడిన విధానం చెట్టు నాటినవాడిని కాపాడలేదు.

1964 నాటి నిర్ణయాన్ని ఆనాటి పరిస్థితిలో తప్పుపట్టడం కష్టం. నాటిన మొక్కలు చిన్నవి, ఇళ్ల అవసరం పెద్దది. చిక్కంతా ఆ మొక్కలు చెట్లయ్యే నాటికి వాటిని కోసి అమ్మే వ్యవస్థను సిద్ధం చేయకపోవడంలో ఉంది. పలచబరచని సుగి తోపులు, యువత విడిచివెళ్లిన కొండ గ్రామాలు, ఏటా వసంతంలో నగరాలను బాధించే సుగి పుప్పొడి అందుకు గుర్తులుగా మిగిలాయి. 2024 నుంచి జపాన్ పౌరులు ఏడాదికి తలకు 1,000 యెన్ల చొప్పున అటవీ పర్యావరణ పన్ను చెల్లిస్తున్నారు. దిగుమతి చేసుకున్న చవక కలప ధరలో చేరని ఖర్చు అరవై ఏళ్ల తరువాత ఈ రూపంలో చెల్లుబాటవుతోంది. దిగుమతి పట్టికలలో కనిపించని ఇలాంటి ఖర్చులను కూడా లెక్కలోకి తీసుకున్నప్పుడే రెండు దేశాల మధ్య పోలిక సమగ్రమవుతుంది.